నిమ్మముల్లు

మూడు దినాలుగా కుడిచెయ్యి
ఒంటికి ఆనకుండా తిరగతా ఉండా,
పిల్లల్ని పొదువుకున్న కోడిపెట్ట మాదిరి
రెక్క కాస్త ఎత్తిపెట్టి.

పొదలకూరు యార్డులో కాయలేరేటప్పుడు
పక్క గోతం కాడినుంచి మస్తానమ్మ
"ఏందిమే, చంకలో ఏం దాచినావు?" అంది.
అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా.
దాచింది నిజమే.
ఉసిరికాయంత బిళ్ల.
తగిల్తే మోచేతిదాకా చురుక్కు.

సంతోషమొస్తే గుద్దుకుంటాం,
బిడ్డ మారాం చేస్తే ఎక్కించుకుంటాం,
చేట, పొదుపు పుస్తకం, బస్సులో చిల్లర సంచి
అక్కడే ఇరికించి రెండు చేతులా పని చేస్తాం.
నొప్పొస్తే మాత్రం ఆ చోటికి పేరుండదు.
"ఇక్కడ" అని కొంగు సర్దుకుంటాం.

రోళ్లు పగిలే ఎండ,
చెమటకు ఒరుసుకుందిలే అంది తోడికోడలు.
ఖాదర్‌బాషా రవిక చెయ్యి బిగించి కుట్టినాడు,
ఆ కుట్టే కోస్తా ఉందంది ఇంకొకామె.
అక్క కూతురు సుప్రజ ఇచ్చిన
గుండు దొర్లే సెంటు సీసా మీద నాకే అనుమానం,
పూసుకున్న పూటే మంటెత్తింది.
బ్లేడు గాని పెట్టినావా అని ఒకామె చెవిలో.
సున్నం బెల్లం పట్టెయ్యమని అత్త.

ఎవురికీ చెప్పని కారణం ఒకటుండాది.
పోయినేడు ఎదురింటి సుబ్బరత్నకు
ముందు ఇట్టనే, గోలీకాయంత.
నొప్పి లేదు గదా అని ఊరుకుంది.
జుట్టంతా రాలినాక, ఇంకెందుకులే అని
ఆమె ఇచ్చిపోయిన జడపిన్నులు
ఇంకా మా గూట్లోనే ఉండాయి.

రాత్రి గోడవైపు తిరిగి
వేళ్లతో తడిమి చూసుకుంటా.
ఒకటా, రెండా. కదులుతుందా, కదలదా.
ఆయనకు మెలకువొచ్చి "దోమలా?" అన్నాడు.
"ఆఁ. దోమలే."

నాలుగోనాడు ఆసుపత్రిలో నర్సమ్మ షకీలా
కుడిది చూసింది, ఎడమదీ చూసింది,
రొమ్ము కూడా వేళ్లతో తడిమింది.
జ్వరంపుల్లా ఆ చంకలోనే పెట్టింది.
ఆపైన "చెయ్యి చాపు" అంది.
"జాతకం చెప్తావామ్మా?" అన్నా.

బొటనేలి మొదట్లో కందిన నల్లచుక్క.
పది దినాల కిందట తోటలో కాయ కోస్తా
దిగిన నిమ్మముల్లు.
పైది విరిచి పారేసి మర్చిపోయినా.
సూదితో కెలికి తీసి
దూది మీద పెట్టి చూపించింది.
జీలకర్రలో సగం లేదు.

ఇది యాడ, అది యాడ!
"చేతిలోకి దొంగ దూరితే
చంకలో కావిలోడు లేస్తాడు" అంది షకీలమ్మ.
చంకన బిడ్డనెత్తుకోని ఊరంతా వెతికిందంట ఒకామె.
నేను చేతిలో ముల్లు పెట్టుకోని
చంకంతా వెతికినా.

మాత్రలిచ్చి, వేలికి కట్టు కట్టి చెప్పింది:
వేడినీళ్లలో గుడ్డ పిండి కాపడం పెట్టు, పిసకబాక.
సున్నం వద్దు, తోలు కాలతాది.
సెంటు ఆ పిల్లకే తిరిగిచ్చెయ్.
కడుక్కున్నాక తడి లేకుండా అద్దుకో.
జ్వరమొస్తే ఆ పొద్దే రా.
రెండు వారాలకీ తగ్గకపోయినా,
నొప్పే లేకుండా గట్టిపడి పెరుగుతున్నా
నెల్లూరికి రాసిస్తా. సిగ్గుపడబాక.

ఆ రాత్రి రవిక కుట్లు రెండు వేళ్లంత విప్పినా.
దోమలు కాదని ఆయనతో చెప్పినా.
మాట్లాడకుండా పోయి పొయ్యి మీద నీళ్లు పెట్టినాడు,
పాత పంచె చించి తెచ్చినాడు.

ఉసిరికాయ రేగ్గింజయింది,
రేగ్గింజ కందిగింజయింది.
తొమ్మిదోనాడు వెతికినా దొరకలేదు,
అయినా వెతకతానే ఉండా.

యార్డులో అందరి ముందరా చెప్పినా,
చంక అనే చెప్పినా.
మళ్లా నవ్వినారు.
మస్తానమ్మ ఒక్కతే నవ్వలేదు.

వేలం ముగిసి, లారీ కదిలి,
చితికిన కాయల పులుపు వాసన మిగిలినాక
గోతాలు మడతేస్తా నా పక్కకొచ్చి కూచుంది.
"నాకూ ఒకటుండాది. ఎండాకాలానికి ముందునుంచి.
నొప్పేం లేదులే."

చేతిలో గోతం కింద పెట్టినా.
షకీలమ్మ నాలుగింటిదాకా ఉంటుంది.
"లెయ్యిమే," అన్నా. "చెప్పులేసుకో."